ఆఫ్రికా సరస్సుల మీసాల చేపలు: తొట్టెలోని చేపకు సొంతూరు తేల్చడం

చెన్నైలో చూలై, వేపేరి, పెరియమేడు, పురసవాక్కం ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే పేటలు. తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న ఈ ప్రాంతంలో పెంపుడు పక్షులు, చేపలు కావాలంటే ఒకప్పుడు సెంట్రల్ స్టేషను పక్కనున్న మూర్ మార్కెట్టే గతి. 1985లో ఆ కట్టడం అగ్నికి ఆహుతైంది. ఇప్పుడు రంగు చేపలంటే వాయవ్యాన ఉన్న కొళత్తూరే గుర్తొస్తుంది. దేశంలో అలంకార చేపల పెంపకానికీ టోకు బేరానికీ పేరుపడ్డ పెద్ద కేంద్రాల్లో అదొకటి. అక్కడి నుంచి నగరంలోని చిల్లర దుకాణాలకు చేరే చేపల్లో ఒంటినిండా నల్లచుక్కలు, తెల్లని మీసాలు ఉన్న ఆఫ్రికా జాతులు కొన్ని ఉంటాయి. తొట్టె మీద అతికించిన చీటీలో ఒకచోట ‘టాంగన్యీకా క్యాట్’ అని, ఇంకోచోట ‘మలావీ క్యాట్’ అని, చాలాచోట్ల ఉత్త ‘ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్’ అని రాసి ఉంటుంది. కొందరు అమ్మకందార్లు ఇంకో అడుగు ముందుకేసి సరస్సులోని ఫలానా తీరం పేరు కూడా చెబుతారు. ఈ మాటల్లో దేన్ని నమ్మవచ్చు, ఎంతవరకు నమ్మవచ్చు అన్నదే ఈ వ్యాసవిషయం. చేప ఒంటిని జాగ్రత్తగా చూస్తే దాని జాతి ఏ సరస్సుదో చాలావరకు చెప్పవచ్చు. ఆ సరస్సులో ఏ తీరానిదో మాత్రం ఒంటిని చూసి చెప్పలేం. తీరానికి సాక్ష్యం కాగితం ఒక్కటే. కాగితం లేని తీరం పేరును, ఎంత అనుభవజ్ఞుడు చెప్పినా, ఒప్పుకోకపోవడమే సరైన పద్ధతి.

ముందుగా ‘సొంతూరు’ అన్నమాటలో కలగలిసిపోయిన మూడు సంగతులను విడదీయాలి. ఒకటి, ఆ జాతి సహజంగా బతికే సరస్సు లేదా నది. రెండోది, ఈ చేప తాతముత్తాతలను వలవేసి పట్టిన చోటు. మూడోది, ఈ చేప గుడ్డులోంచి బయటపడిన చోటు. అడవి చేప విషయంలో ఈ మూడూ ఒక్కటే. అక్వేరియం చేప విషయంలో ఇవి వేర్వేరు ఖండాల్లో ఉండవచ్చు. జాతి టాంగన్యీకాది, తల్లిదండ్రులు ఐరోపాలో ఏ పెంపకందారు దగ్గరో ఉన్నవి, పిల్ల పుట్టింది ఆసియాలోని సిమెంటు తొట్టెలో. అమ్మేవాడు ‘టాంగన్యీకా’ అంటే మొదటి అర్థంలో నిజమే చెబుతున్నాడు. కొనేవాడు మూడో అర్థంలో తీసుకుని, సరస్సులోంచి పట్టి తెచ్చిన చేప అనుకుని, దానికి తగ్గ ధర చెల్లిస్తాడు. ఈ రంగంలో తగాదాలకు అబద్ధం కంటే ఈ కలగాపులగమే ఎక్కువ కారణం.

ఇక్కడ మనం మాట్లాడే చేపల్లో ప్రధానమైనవి సినోడాంటిస్ ప్రజాతివి. మొకోకిడే అనే కుటుంబం ఆఫ్రికా జలాలకే పరిమితం; అందులో సుమారు 130 జాతులున్న ఈ ప్రజాతి అన్నిటికంటే పెద్దది. మన జెల్లలను, వాలుగలను ఎరిగినవాళ్ళకు కూడా వీటిని గుర్తుపట్టడం కష్టం కాదు. తల మీద నుంచి వెన్ను రెక్క దాకా ఎముక కవచం, వెన్ను మీద ఒకటి, పక్క రెక్కల్లో చెరొకటి బిర్రుగా నిలబడే ముళ్ళు, తోక ముందు పెద్ద కొవ్వు రెక్క, కింది దవడ మీసాలకు చిన్నచిన్న కొమ్మలు. వలలో పడితే ముళ్ళు విప్పి బిగించుకుంటుంది. వల కత్తిరిస్తే తప్ప ఊడిరాదు. నీళ్ళలోంచి తీస్తే పక్క ముళ్ళను కీళ్ళలో రాపిడి చేసి కిర్రుమంటుంది. ప్లాస్టిక్ సంచీలకు చిల్లులు పడకుండా ఒకదానిలో ఒకటి రెండు మూడు సంచులు తొడిగి రవాణా చేయడానికి కారణం కూడా ఆ ముళ్ళే. అయితే ఈ లక్షణాలన్నీ ప్రజాతి మొత్తానికీ ఉన్నవి. తలకిందులుగా ఈదుతుందని పేరుపడ్డ నిగ్రివెంట్రిస్ కాంగో నదీ ప్రాంతానిది. ఈకలాంటి వెన్ను రెక్క ఉన్న యుప్టెరస్ నైలు, నైజర్, వోల్టా, చాద్ పరీవాహకాలది. ఆఫ్రికా సిక్లిడ్ చేపల తొట్టెలో తోడుగా వేసి అమ్మినంత మాత్రాన ఇవి సరస్సు చేపలు అయిపోవు. కాబట్టి గుర్తింపు పనిలో మొదటి మెట్టు ఏ సరస్సు అని అడగడం కాదు, అసలు ఇది సరస్సు చేపేనా అని అడగడం.

తూర్పు ఆఫ్రికా పెద్ద సరస్సులు మూడూ మూడు తీరులు. టాంగన్యీకా సుమారు 670 కిలోమీటర్ల పొడవు, 1,470 మీటర్ల లోతు ఉండి టాంజానియా, కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం, బురుండీ, జాంబియాల మధ్య పరుచుకుంది. మలావీ సరస్సు లోతు 700 మీటర్లు. విక్టోరియా విశాలమైనదే కాని లోతు సుమారు 80 మీటర్లే. మీసాల చేపల లెక్క వీటిలో ఎంతో తేడాగా ఉంది. మలావీలో సినోడాంటిస్ ఒక్కటే జాతి, 1908లో వర్ణించిన న్యాసే. విక్టోరియాలో రెండు, విక్టోరియే, ఆఫ్రోఫిషరి. టాంగన్యీకాలో మాత్రం ఆ సరస్సుకే సొంతమైనవి పది జాతులను 2006 నాటి సమీక్ష గుర్తించింది. ఈ లెక్క వల్ల ఒక సౌలభ్యం ఉంది. చుక్కల చేపను ‘మలావీది’ అని అమ్మితే అది న్యాసే అయినా కావాలి, లేదా ఆ మాట తప్పయినా కావాలి. మూడో దారి లేదు. న్యాసేను, టాంగన్యీకా మల్టిపంక్టాటస్‌ను పక్కపక్కన చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మల్టిపంక్టాటస్‌కు వెన్ను రెక్కలో నల్లని త్రికోణం, దాని అంచున తెల్లని పట్టీ, తోక రెండు కొసల మీదా అదే నలుపుతెలుపు, కడుపు మీద చుక్కలు లేని తెలుపు, పెద్ద కళ్ళు. న్యాసే గోధుమ రంగు చేప. చుక్కలుంటాయి గాని రెక్కల్లో ఆ నలుపుతెలుపుల పొందిక ఉండదు. ఈ రెంటినీ తారుమారు చేసి అమ్మడం కుదరదని కాదు, కొనేవాడు చూడనప్పుడే కుదురుతుంది.

విక్టోరియా జాతుల సంగతి వేరు. ఒకదాని పేరులోనే సరస్సు ఉన్నా అవి ఆ సరస్సు గట్లలో ఇమిడిపోయినవి కావు. విక్టోరియే అనే జాతి టాంగన్యీకాలోకి పారే మలగరాసి నదిలో కూడా ఉంది. జాతి పేరు ఒక చోటును సూచించినంత మాత్రాన చేప ఆ చోటిదే అనుకోకూడదని చెప్పడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ అక్కర్లేదు.

టాంగన్యీకా లోపలికి దిగితే పని కష్టమవుతుంది. ఆ కష్టం ఎక్కడుందో పెట్రికోలా కథ చెబుతుంది. ఈ చిన్న చుక్కల చేపను 1959లో హుబర్ట్ మాథెస్ సరస్సు ఉత్తరపు కొస నమూనాల ఆధారంగా వర్ణించాడు. 1970ల నుంచి బురుండీ రాజధాని బుజుంబురా కేంద్రంగా పియర్ బ్రిషార్ వంటి ఎగుమతిదారులు టాంగన్యీకా చేపలను ప్రపంచానికి పంపడం మొదలుపెట్టారు. తర్వాత దక్షిణాన జాంబియా వైపు నుంచి కూడా సరుకు వచ్చింది. ఆ దక్షిణపు సరుకులో పెట్రికోలాను పోలినవే, కాస్త చిన్నవి, ‘మరుగుజ్జు పెట్రికోలా’ అనే పేరుతో చలామణీ అయ్యాయి. అవి ఒకే జాతిలో పొట్టి రకమని దశాబ్దాల పాటు అందరూ నమ్మారు. 2006లో ఫ్లోరిడా మ్యూజియం నుంచి జెరెమీ రైట్, లారెన్స్ పేజ్ టాంగన్యీకా సినోడాంటిస్ జాతులన్నిటినీ తిరగదోడి సమీక్ష ప్రచురించారు. అందులో మూడు కొత్త జాతులు బయటపడ్డాయి: గ్రాండియాప్స్, ఇలెబ్రెవిస్, లూసిపిన్నిస్. మరుగుజ్జు పెట్రికోలా అనుకున్నది లూసిపిన్నిస్ అని తేలింది. రెక్కల్లోని నల్ల త్రికోణం ఒంటిని తాకేచోట చూడాలి. పెట్రికోలాలో ఆ నలుపు మొదలు దాకా నిండుగా ఉంటుంది. లూసిపిన్నిస్‌లో నలుపుకూ ఒంటికీ నడుమ పాలిపోయిన చిన్న మచ్చ ఉంటుంది, వెనక నుంచి వెలుతురు పడితే అది కిటికీలా తెల్లగా మెరుస్తుంది. అలాగే మల్టిపంక్టాటస్ పేరుతో వచ్చే చేపల్లో కొన్ని గ్రాండియాప్స్. కన్ను ఇంకా పెద్దది, పక్క రెక్కలో మెత్తని కిరణాలు మల్టిపంక్టాటస్‌లో మామూలుగా ఎనిమిదైతే దీనిలో ఏడు. చెన్నైలో ఒక దుకాణంలో కొన్న పెట్రికోలా నిజంగా పెట్రికోలాయేనా అన్న ప్రశ్నకు, భూతద్దమూ మంచి వెలుతురూ ఉంటే, ఇంట్లోనే జవాబు దొరుకుతుంది.

ఈ కథలో అందరూ గమనించేది రెక్క మీది మచ్చను. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది మ్యూజియం సీసా. రైట్, పేజ్ పాత నమూనాలను కొత్తగా విడదీయగలిగారంటే, సీసాలలోని చేపలను ఏ తీరంలో, ఏ ఏడు, ఎవరు పట్టారో చీటీలు చెబుతున్నాయి కాబట్టి. చేప పేరు మారినా చోటు పేరు అలాగే నిలిచింది. అందుకే కొత్త జాతి ఎక్కడిదో చెప్పడం సాధ్యమైంది. అదే కాలంలో లక్షల తొట్టెల్లో తిరిగిన పెట్రికోలాలకు అలాంటి చీటీ లేదు. వాటి సంతానంలో ఏది ఉత్తరానిది, ఏది దక్షిణానిది, ఏవి కలిసిపోయాయి అన్నది ఇప్పుడు ఎవరూ విడదీయలేరు. చోటు రాసిపెట్టకపోతే పోయేది ఒక అలంకారం కాదు, రేపు తప్పు దిద్దుకునే వీలు.

ఒంటిని చూసి తీరం చెప్పగలమనే నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది? సిక్లిడ్ చేపల నుంచి. టాంగన్యీకాలో ట్రోఫియస్ అనే చిన్న చేప రాళ్ళ తీరాలను వదిలి దూరం పోదు. రెండు రాతి గట్ల మధ్య ఇసుక మేట వస్తే దాన్ని దాటదు. అందువల్ల ఒక్కో రాతి తీరానికి ఒక్కో రంగు తయారైంది. ఇలాంటి రంగు రకాలు వందకు పైగా ఉన్నాయి. ట్రోఫియస్ విషయంలో ఎర్రపట్టీ చూసి ఊరు పేరు చెప్పడంలో అర్థముంది. అదే అలవాటును వ్యాపారం మీసాల చేపలకు కూడా అంటించింది. సినోడాంటిస్ జాతులు లోతుల్లోకి దిగుతాయి, రాత్రిపూట తిరుగుతాయి, సరస్సు పొడవునా విస్తరించినవి వాటిలో ఉన్నాయి. వాటి రంగుకూ తీరానికీ అలాంటి గట్టి ముడి ఉందని ఎవరూ నిరూపించలేదు. అయినా తీరం పేరు జోడిస్తే చేప ధర పెరుగుతుంది. నిరూపణ లేని చోట ధర పెరగడం మొదలైతే కొనేవాడు మరింత జాగ్రత్తగా ఉండాలి.

దీనికొక గట్టి అభ్యంతరం ఉంది. ఇరవై ముప్పై ఏళ్ళుగా ఇవే చేపలను పెంచినవాళ్ళ కన్ను అబద్ధం చెబుతుందా? మిగతా చేపల విషయంలో అనుభవానికి ఎంతో విలువుంది. కాని ఈ చేపల మీద ప్రకృతే ఒక ముసుగు వేసింది. టాంగన్యీకా సినోడాంటిస్ ముళ్ళకు విషం ఉంది. 2011లో జెరెమీ రైట్ ఎవల్యూషన్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఈ జాతులు ఒకదాన్నొకటి ఎందుకు పోలి ఉంటాయో వివరించింది. విషమున్న జాతులన్నీ ఒకే తరహా నల్లచుక్కలను, నలుపుతెలుపు రెక్కలను కాపాడుకుంటే, వేటాడే చేప ఒక్కసారి ముల్లు తగిలి నేర్చుకున్న పాఠం అన్నిటికీ రక్షణగా పనికొస్తుంది. జీవశాస్త్రంలో దీన్ని మ్యుల్లర్ అనుకరణ అంటారు. దగ్గరి పోలిక ఇక్కడ ఒకే చోటును చూపే గుర్తు కాదు, బతకడానికి కుదిరిన ఒప్పందం. పైగా వయసుతోపాటు చుక్కల పరిమాణం, సంఖ్య మారతాయి. పిల్లచేపల్లో తేడాలు ఇంకా మసకగా ఉంటాయి. దుకాణాల్లో అమ్మేవి ఎక్కువగా పిల్లచేపలే. అనుభవజ్ఞుడి కన్ను ‘ఇది ఫలానా జాతి కాకపోవచ్చు’ అని పట్టేయగలదు, ఆ మాటకు విలువ ఇవ్వాలి. ‘ఇది ఫలానా తీరానిది’ అన్నప్పుడు ఆ కన్ను తనకు లేని సాక్ష్యాన్ని చూపుతోంది.

డీఎన్ఏ ఉండగా కంటితో పనేమిటి అన్నది రెండో అభ్యంతరం. 2006 ఈ విషయంలో కూడా ముఖ్యమైన ఏడాది. జూలియా డే, మార్క్ విల్కిన్సన్ ఒక పత్రంలోను, స్టెఫాన్ కోబ్ల్‌ముల్లర్ బృందం మరో పత్రంలోను టాంగన్యీకా సినోడాంటిస్ జాతుల వంశవృక్షాన్ని జన్యువుల సాయంతో గీశారు. డీఎన్ఏ చేప ఏ కొమ్మదో చెబుతుంది. సరస్సు స్థాయిలో అది బలమైన సాక్ష్యం. కాని పెంపకందార్లకు అందుబాటులో ఉండే సాధారణ పరీక్ష మైటోకాండ్రియా జన్యువు మీద ఆధారపడుతుంది, అది తల్లి నుంచి మాత్రమే వస్తుంది. తల్లి పెట్రికోలా, తండ్రి వేరే జాతి అయిన సంకరం ఈ పరీక్షలో నిఖార్సైన పెట్రికోలాగా గట్టెక్కుతుంది. సినోడాంటిస్ సంకరాలు ఊహాజనితాలు కావు. హార్మోను సూదులతో గుడ్లు పెట్టించే పెంపక కేంద్రాల నుంచి అలాంటివి అందమైన కొత్త పేర్లతో బజారులోకి వస్తున్నాయి. ఇక తీరం స్థాయిలో డీఎన్ఏ జవాబు చెప్పాలంటే ఆయా తీరాలలో పట్టిన, చోటు రాసిన నమూనాల జన్యువులతో పోల్చాలి. అంటే మళ్ళీ చీటీ దగ్గరికే వచ్చాం. చోటు తెలిసిన నమూనా లేకుండా ఏ యంత్రమూ చోటు చెప్పలేదు.

ఈ మాట మన చేపల విషయంలోనే రుజువైంది. తెలుగువాళ్ళు ఇష్టంగా తినే మార్పు చేపను చాలాకాలం శాస్త్రగ్రంథాలు క్లేరియస్ బట్రాకస్ అన్నాయి. ఆ పేరు పెట్టింది 1758లో లిన్నేయస్. 2008లో హియోక్ హీ ఎన్జీ, మారిస్ కొటెలా ఆ పేరుకు ఆధారంగా జావా ద్వీపపు నమూనాను నిర్ణయించారు. దాంతో జావా చేప బట్రాకస్‌గా మిగిలింది. భారతదేశపు చేపకు 1822లో హామిల్టన్ గంగా తీరపు చేపలను వర్ణిస్తూ పెట్టిన మాగుర్ అనే పేరే సరైనదైంది. రెండున్నర శతాబ్దాల చిక్కును విప్పింది చోటు. దీని పక్కనే ఇంకో ఇబ్బంది ఉంది. దేశంలో పెంపకాన్ని నిషేధించిన క్లేరియస్ గారీపినస్ కూడా ఆఫ్రికా మీసాల చేపే; ఆ పెద్ద సరస్సుల్లో కూడా బతుకుతుంది. దాన్ని మార్పు పేరుతో అమ్మడం ఆంధ్ర, తెలంగాణ చేపల బజార్లకు కొత్త కాదు. తొట్టె మీద ‘ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్’ అని మాత్రమే రాస్తే అరచేతిలో ఇమిడే చుక్కల సినోడాంటిస్‌కూ, మీటరు దాటి పెరిగి దొరికినదల్లా తినే గారీపినస్‌కూ తేడా లేకుండా పోతుంది. ఆ చీటీని ఏ దుకాణమూ పెట్టకూడదు.

నీళ్ళను సాక్ష్యంగా చూపేవాళ్ళూ ఉన్నారు: క్షారగుణమున్న గట్టి నీళ్ళలో హాయిగా ఉంది కాబట్టి టాంగన్యీకా చేపే అంటారు. టాంగన్యీకా నీటి పీహెచ్ 9 దాకా ఉంటుంది, నిజమే. చెన్నై బోరు నీళ్ళు కూడా చాలాచోట్ల ఉప్పూ గట్టిదనమూ ఉన్నవే. కుళాయిలో వచ్చేది పుళల్, పూండి, చెంబరంబాక్కం చెరువుల నీరు, 1983 ఒప్పందం ఫలితంగా కండలేరు మీదుగా వచ్చే తెలుగుగంగ కృష్ణాజలాలు, సముద్రపు నీటిని శుద్ధిచేసినది, ఏ నెలకు ఏది దొరికితే అది. తరాలుగా తొట్టెల్లో పెరిగిన చేపలు ఈ మార్పులన్నిటికీ అలవాటుపడతాయి. నీళ్ళు చేప ఆరోగ్యం గురించి చెబుతాయి, పుట్టుక గురించి చెప్పవు.

పుట్టుక విషయంలో మల్టిపంక్టాటస్ చేసే పని ఈ చర్చకు కొత్త మలుపునిస్తుంది. కోకిల కాకి గూట్లో గుడ్డు పెట్టినట్టు, ఈ చేప తన గుడ్లను నోట్లో పిల్లలను సాకే సిక్లిడ్ చేపలకు అంటగడుతుంది. సిక్లిడ్ తల్లి గుడ్లు పెట్టి నోటిలోకి తీసుకునే క్షణంలో మీసాల చేపల జంట దూసుకొచ్చి, కొన్ని గుడ్లను తినేసి, తమ గుడ్లను అక్కడ వదులుతుంది. తల్లి వాటిని కూడా నోట్లో పెట్టుకుంటుంది. మీసాల చేప పిల్లలు ముందే గుడ్డు పగిలి బయటికొచ్చి, తోటి సిక్లిడ్ పిల్లలను నోటిలోనే తినేస్తాయి. జపాన్ శాస్త్రవేత్త తెత్సు సాతో 1986లో నేచర్ పత్రికలో ఈ సంగతి లోకానికి చెప్పాడు. పెంపకందార్లు దీన్ని పనిముట్టుగా చేసుకున్నారు: తొట్టెలో మలావీ లేదా విక్టోరియా సిక్లిడ్‌లను వేసి, వాటి నోళ్ళలో టాంగన్యీకా మీసాల చేపను పుట్టిస్తారు. చెక్ శాస్త్రవేత్తల బృందం 2018లో సైన్స్ అడ్వాన్సెస్‌లో ప్రచురించిన ప్రయోగాలు ఎందుకిలా కుదురుతుందో చూపాయి. ఈ మోసంతో కలిసి పరిణమించిన టాంగన్యీకా సిక్లిడ్‌లు పరాయి గుడ్లను చాలావరకు తిరస్కరిస్తాయి. దాన్ని ఎన్నడూ ఎరగని ఇతర సరస్సుల సిక్లిడ్‌లు ఎన్నో రెట్లు ఎక్కువగా మోసపోతాయి. ఒక సరస్సు జాతి, మరో సరస్సు చేప నోట్లో, మరో ఖండపు తొట్టెలో పుడుతోంది. దాని చీటీ మీద ‘టాంగన్యీకా’ అన్న ఒక్కమాటతో సరిపెట్టడం ఎంత అసంపూర్ణమో వేరే చెప్పనక్కర్లేదు.

పుట్టిన చోటును చేప ఒంటి నుంచే రాబట్టే పద్ధతి ఒకటుంది. చేప చెవిలో సున్నపు రాయి ఉంటుంది, చెట్టు కాండంలోని వలయాల్లా పొరలు పొరలుగా పెరుగుతుంది. చేప ఏ నీటిలో ఉంటే ఆ నీటిలోని స్ట్రాన్షియం వంటి మూలకాలు ఆ పొరల్లో చేరతాయి. నడిమధ్య పొరను పరీక్షిస్తే చేప తొలినాళ్ళు ఏ తరహా నీటిలో గడిచాయో తెలుస్తుంది. సముద్ర, నదీ చేపల వలసలను ఇలాగే అధ్యయనం చేస్తారు. సరస్సులో పట్టిన చేపా, తొట్టెలో పుట్టినదా అన్న ప్రశ్నను కూడా ఇది తేల్చగలదు. అయితే ఆ రాయిని తీయాలంటే చేపను చంపాలి. తొట్టెలో పెంచుకునేవాడికి ఇది పరిష్కారం కాదు. సరుకు మీద అనుమానం వచ్చిన సంస్థ ఒకటి రెండు చేపలను పరీక్షించడానికి పనికొస్తుంది.

ఇక అన్నిటికంటే సూటైన అభ్యంతరం: తెలిస్తే ఏమిటి, తెలియకపోతే ఏమిటి? చేప ఆరోగ్యంగా ఉంది, పిల్లలు చూసి ఆనందిస్తున్నారు, అది బురుండీదో జాంబియాదో ఎవరికి కావాలి? దీనికి జవాబు మనవైపు నుంచే మొదలుపెట్టాలి. పశ్చిమ కనుమల ఏళ్ళలో ఎర్రచారతో మెరిసే డెనిసన్ చేపను మద్రాసు సైనిక వైద్యుడు ఫ్రాన్సిస్ డే 1865లో వర్ణించి, అప్పటి మద్రాసు గవర్నరు విలియం డెనిసన్ పేరు పెట్టాడు. అది కేరళ కొండల నీళ్ళదని రాసిపెట్టి ఉండబట్టే, అక్వేరియం ఎగుమతుల కోసం దాన్ని అడ్డూ ఆపూ లేకుండా పట్టడం మొదలైనప్పుడు అది ఫలానా నదుల సొత్తని, పట్టివేతకు హద్దు ఉండాలని అడగగలిగాం. జీవవనరులు ఏ దేశానివో తెలిసితీరాలన్న సూత్రాన్ని భారతదేశం అంతర్జాతీయ వేదికల మీద గట్టిగా వినిపిస్తూ వచ్చింది. జీవవైవిధ్య ఒడంబడిక దేశాల పదకొండో సదస్సు 2012లో జరిగింది హైదరాబాద్‌లోనే. జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ఉన్నది చెన్నైలోనే. మన చేపకు మన ఊరి పేరు ఉండాలని పట్టుబట్టే మనం, టాంగన్యీకా చేపకు టాంగన్యీకా తీరపు పేరు అక్కర్లేదనడం న్యాయం కాదు. ఆ నాలుగు దేశాల జాలర్లకు కూడా తమ సరస్సులోంచి ఏది ఎంత పోతోందో తెలియాలి.

రెండో కారణం మన చెరువులు. దక్షిణ అమెరికా నుంచి అక్వేరియం ‘సక్కర్’గా వచ్చిన టెరిగోప్లిక్తిస్ తొట్టెలో ఇమడక చెరువుల్లోకి చేరింది. ఆంధ్ర, తెలంగాణ జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. వలలు చింపుతుందని, నాటు చేపల మేతను తినేస్తుందని వాపోతున్నారు. తూర్పు కనుమల జలాల్లో అది ఎంత దూరం పాకిందో నీటిలోని డీఎన్ఏ ఆనవాళ్ళతో కనిపెట్టే పద్ధతిని హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు రూపొందించారు. చెన్నై పరిసర జలాల్లో అలంకార చేపలు స్థిరపడుతున్నాయని 2010లోనే ఒక శాస్త్రపత్రిక హెచ్చరించింది. పరాయి చేప చెరువులో కనబడినప్పుడు అధికారులకు మొదట కావలసింది దాని అసలు జాతి, అది తట్టుకునే చలి, వేడి, ఉప్పు. ఇవన్నీ దాని సొంత నీళ్ళను బట్టి అంచనా వేయవలసినవి. సొంతూరు తెలియని చేప గురించి అంచనా వేయడానికి ఆధారం ఉండదు.

చేపను చోటుతో కలిపి రాయడం తెలుగు తీరానికి పాత సంప్రదాయమే. ప్యాట్రిక్ రస్సెల్ 1803లో అచ్చువేయించిన రెండు సంపుటాల గ్రంథం విశాఖపట్నంలో సేకరించిన రెండువందల చేపల బొమ్మలూ వివరణలూ. పుస్తకం పేరులోనే ఊరు ఉంది. చాలా చేపలను ఆయన స్థానికులు పిలిచే పేర్లతోనే నమోదు చేశాడు. తర్వాతి శాస్త్రవేత్తలు ఆ బొమ్మల ఆధారంగా జాతులకు పేర్లు పెట్టినప్పుడు అవి ఏ తీరపు చేపలో వెతుక్కోవలసిన పని లేకపోయింది. రెండు శతాబ్దాల కిందట, కాగితమూ సిరా మాత్రమే ఉన్న రోజుల్లో సాధ్యమైనది, ప్రతి సరుకుకూ కంప్యూటర్ బిల్లు వచ్చే ఈ రోజుల్లో చెన్నై దుకాణాల్లో అసాధ్యం అనడానికి కారణం కనబడదు.

చిన్న వ్యాపారికి ఇదంతా భారం కాదా అనే ప్రశ్న న్యాయమైనదే. ఆరు రోజులు నిలవలేని సరుకు, సన్నని లాభం, కరెంటు పోతే గంటల్లో చచ్చే చేపలు. వాళ్ళను డీఎన్ఏ పరీక్ష చేయించమనడం అన్యాయం. వాళ్ళ నుంచి కోరవలసింది ఇంకా తక్కువ: తమకు వచ్చిన సమాచారాన్ని పారేయకుండా ముందుకు అందించడం, తమకు రాని సమాచారాన్ని కల్పించకపోవడం. దిగుమతి సరుకుతో పాటు జాబితా వస్తుంది, అందులో జాతి పేరు, పంపిన సంస్థ ఉంటాయి. పెంపకందారు నుంచి వస్తే అతని పేరు ఉంటుంది. అది చిల్లర దుకాణం దాకా రావడంలో ఎక్కడ తెగిపోతుందో అక్కడే చేప సొంతూరు కూడా పోతుంది.

కాబట్టి చూలైలోనో, కొళత్తూరులోనో, హైదరాబాద్‌లోనో ఈ చుక్కల చేపలను కొనే పాఠకులకు ఒక విన్నపం. బిల్లు మీద నాలుగు సంగతులు రాయించుకోండి: పూర్తి జాతి పేరు, సరస్సులో పట్టినదా తొట్టెలో పుట్టినదా, ఎవరి దగ్గర నుంచి వచ్చింది, ఏ తేదీన. తీరం పేరు చెబితే దానికి కాగితం అడగండి. లేకపోతే ‘తీరం తెలియదు’ అనే రాయించండి. లూసిపిన్నిస్‌ను పెట్రికోలాతో, చోటు తెలిసినదాన్ని తెలియనిదానితో ఒకే తొట్టెలో పిల్లలు పెట్టించకండి. చేపను ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఆ బిల్లును కూడా ఇవ్వండి. పెంచలేకపోతే దుకాణానికి తిరిగి ఇవ్వండి, ఏ చెరువులోనూ వదలకండి.